ఎనిమిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాపతో డిస్నీల్యాండ్‌కి ప్లాన్ ఎలా వేసుకోవాలి?

మీరు ఫ్రీమాంట్ నుంచి కారులో అనహైమ్ డిస్నీల్యాండ్‌కి వెళ్తున్నామని రాశారు. ముగ్గురు పిల్లలు మూడు వయసుల్లో ఉన్నారు, ఇండియా నుంచి మీ అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వచ్చారు. అందరికీ నచ్చేలా రోజు ఎలా గడపాలి, అక్కడున్న రెండు పార్కులూ (డిస్నీల్యాండ్ పార్కు, దాని ఎదురుగా ఉన్న కాలిఫోర్నియా అడ్వెంచర్) చూడాలా, ఒకటి చాలా అని అడిగారు. మా ఇంట్లోనూ ముగ్గురు. వాళ్లు దాదాపు ఇవే వయసుల్లో ఉన్నప్పుడు మేమూ పెద్దవాళ్లతో కలిసి వెళ్లాం. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

వయసుల సంగతి పక్కన పెట్టి, ముందు పిల్లల ఎత్తు కొలవండి. వయసు చూసేది టికెట్ దగ్గరే. మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, 3 నుంచి 9 ఏళ్ల వరకు పిల్లల టికెట్, 10 నుంచి పెద్దవాళ్ల టికెట్. లోపలికి వెళ్లాక లెక్కంతా అంగుళాల్లోనే. (హైదరాబాద్ వండర్‌లాలో అయితే పిల్లల టికెట్ కూడా ఎత్తును బట్టే ఇస్తారు, కాబట్టి మీ అత్తయ్యగారికి ఈ పద్ధతి కొత్త కాకపోవచ్చు.) స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్ మౌంటెన్, స్టార్ టూర్స్, టియానాస్ బయూ అడ్వెంచర్, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, ఈ రైడ్లన్నిటికీ పిల్లల ఎత్తు కనీసం 40 అంగుళాలు ఉండాలి. మిలేనియం ఫాల్కన్‌కి 38, మ్యాటర్‌హార్న్‌కి 42, ఇండియానా జోన్స్‌కి 46. అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి వెళ్లే వారం డిస్నీల్యాండ్ యాప్‌లో ఒకసారి చూసుకోండి.

ఎనిమిదేళ్ల పిల్లకి సాధారణంగా వీటిలో ఏదీ అడ్డు రాదు. పాపకి వీటితో పనే లేదు. చిక్కంతా మీ నాలుగేళ్ల బాబుతోనే. ఆ వయసు పిల్లల్లో చాలామంది సరిగ్గా ఆ 40 అంగుళాల గీతకి అటో ఇటో ఉంటారు. అక్కకి అన్నీ దొరుకుతాయి, చెల్లిని అందరూ ఎత్తుకుంటారు, మధ్యలో వాడొక్కడే గేటు దగ్గర ఆగిపోతాడు. నన్నడిగితే ఈ ట్రిప్ ప్లాన్ మొత్తం వాడి చుట్టూ వేయాలి.

అక్కడ వేసుకునే షూతోనే ఇంట్లో కొలవండి. అరంగుళం తగ్గినా ఎక్కనివ్వరు. సీటు బారు పిల్లాడి ఒంటికి సరిగ్గా పట్టాలని పెట్టిన నియమం అది, బతిమాలితే మారదు, మారకూడదు కూడా. లావు అడుగున్న షూ వేసి దాటించే ఉపాయాలు కొందరు చెప్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మా మధ్యవాడు అప్పుడు ఆ గీత కింద ఉన్నాడు. బయల్దేరకముందే గోడ మీద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, ఇది నువ్వు, ఇది స్పేస్ మౌంటెన్ అని చూపించాం. ఇంట్లోనే ఏడ్చాడు. అక్కడ క్యూలో నిలబడి నిలబడి, చివర్లో వెనక్కి పంపిస్తే ఏడవడం కంటే అది చాలా నయం. ఆ వెంటనే వాడు ఎక్కగలిగినవి కూడా చెప్పాం. ఆటోపియాలో 32 అంగుళాలుంటే చాలు, పెద్దవాళ్లు పక్కన కూర్చుని పెడల్ తొక్కితే స్టీరింగ్ పిల్లాడు తిప్పొచ్చు. టూన్‌టౌన్‌లో గ్యాడ్జెట్‌కోస్టర్‌కి 35 అంగుళాలు. అది చిన్నదే, కానీ అసలైన రోలర్ కోస్టరే. 'నా కోస్టర్' అని చెప్పుకోవడానికి వాడికి ఒకటి దొరికింది.

ఇక రెండో విషయం. ఏడుగురూ రోజంతా కలిసే ఉండాలని పట్టు పట్టకండి. కలిసి వెళ్లాం కదా, విడిపోతే ఏం బాగుంటుంది అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, నాకు ఆ మాట అర్థమవుతుంది. కానీ ఏడుగురూ ఒకే రైడ్ కోసం కదిలితే ఇద్దరు ఎక్కుతారు, ఐదుగురు ఎండలో నిలబడతారు. పొద్దున్నే ఒకరు పెద్దమ్మాయిని తీసుకుని స్పేస్ మౌంటెన్ వైపు వెళ్లండి, మిగతావాళ్లు ఇద్దరు చిన్నవాళ్లతో ఫాంటసీల్యాండ్‌కి, అంటే పార్కులో చిన్నపిల్లల రైడ్లు ఎక్కువగా ఉండే భాగానికి వెళ్లండి. భోజనాల దగ్గర అందరూ కలవండి. మధ్యాహ్నం తర్వాత జతలు మార్చండి. పెద్దపిల్లకి అమ్మ ఒక్కతే దొరికే గంట, బాబుకి నాన్న ఒక్కడే దొరికే గంట ఇంట్లో కూడా అరుదుగానే వస్తాయి.

ఫాంటసీల్యాండ్‌లో దాదాపు దేనికీ ఎత్తు నియమం లేదు. గేట్లు తెరవగానే పీటర్ పాన్ దగ్గరికి వెళ్లండి. 1955లో పార్కు తెరిచినప్పటి నుంచీ ఉన్న రైడ్ అది. ఒక్కో పడవలో కొద్దిమందే పడతారు కాబట్టి పొద్దెక్కాక క్యూ తగ్గదు. తర్వాత డంబో, కేసీ జూనియర్ రైలు, స్టోరీబుక్ ల్యాండ్ పడవలు. 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' మాత్రం ఎండ బాగా ఎక్కే వేళకి అట్టిపెట్టుకోండి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారుచేసి, 1966లో ఇక్కడికి తెచ్చిన రైడ్ అది. నీడలో, చల్లగా, నెమ్మదిగా సాగే పడవ, చుట్టూ దేశదేశాల బొమ్మలు. ఏడాదిన్నర పాపనుంచి తాతగారి దాకా ఒకే పడవలో కూర్చోవచ్చు. అందరూ కలిసి ఉండాలన్న పెద్దవాళ్ల కోరిక తీరేది ఇలాంటి చోటే.

బాబు ఎక్కలేని పెద్ద రైడ్లకి రైడర్ స్విచ్ అడగండి. దీనికి డబ్బులు కట్టక్కర్లేదు. రైడ్ మొదట్లో ఉండే ఉద్యోగికి, చిన్నపిల్లలు ఉన్నారు, మేం మార్చుకుని ఎక్కుతాం అని చెప్తే చాలు. మొదట ఒకరు పెద్దమ్మాయితో క్యూలో వెళ్తారు, ఇంకొకరు చిన్నవాళ్లతో బయట ఉంటారు. వాళ్లు దిగాక రెండోవాళ్లు పెద్ద క్యూలో మళ్లీ నిలబడకుండా వేరే దారిలో ఎక్కొచ్చు. వాళ్లతో పెద్దమ్మాయి రెండోసారి కూడా ఎక్కొచ్చు, ఇది పెద్దపిల్లలకి నిజంగా పండగే. బయట ఉన్నవాళ్లు ఆ సమయంలో ఏం చేస్తారో ముందే అనుకోండి. బాబుకి ఊరికే ఎదురుచూడమని చెప్పకండి, పక్కనే వాడికి సరిపోయే రైడ్ ఏదో ఒకటి ఉంటుంది.

ఎత్తు నియమం లేదంటే భయం లేదని అనుకోవద్దు. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్‌కి ఎత్తు నియమమే లేదు, కానీ మొదట్లోనే చీకట్లో పడవ రెండుసార్లు కిందికి జారుతుంది. హాంటెడ్ మ్యాన్షన్ కూడా అంతే, ఎవరైనా వెళ్లొచ్చు, కానీ చీకటి, దయ్యాలు. స్నో వైట్ రైడ్‌లో మంత్రగత్తె ఉంటుంది. యూట్యూబ్‌లో వీటి వీడియోలు పూర్తిగా దొరుకుతాయి. ముందు వారంలో బాబుతో కూర్చుని చూడండి. వాడు చూస్తూ ఒళ్లోకి ఎక్కేసే రైడ్‌ని లిస్టులోంచి తీసెయ్యండి. మిక్కీని కలవాలని కలలు కన్న పిల్లలు కూడా అంత పెద్ద బొమ్మ ఎదురుగా వస్తే బెదరొచ్చు. ఫోటో కోసం తొందరపెట్టకుండా దూరం నుంచి చెయ్యి ఊపనివ్వండి.

మధ్యాహ్నం నిద్ర గురించి మీరు అడగలేదు, కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. ఏడాదిన్నర పాప స్ట్రోలర్‌లో పడుకుంటుందేమో గానీ, నాలుగేళ్లవాడు పడుకోడు, సాయంత్రానికి తట్టుకోలేడు. అందుకే హార్బర్ బౌలెవార్డ్ మీద, పార్కు గేటుకి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్న హోటల్ తీసుకోండి. దూరంగా చవకగా దొరికే హోటల్ కంటే కాస్త ఎక్కువైనా సరే. ఒంటిగంటకి గదికి వచ్చి, పెరుగన్నం తిని, కర్టెన్లు వేసి పడుకుని, నాలుగు దాటాక మళ్లీ వెళ్లొచ్చు. అదే టికెట్‌తో ఆ రోజే మళ్లీ లోపలికి పంపిస్తారు. అంత డబ్బు కట్టి మూడు గంటలు గదిలో ఉండటమా అని మామయ్యగారు అడగొచ్చు. రాత్రి దీపాలు వెలిగాక ఆ పార్కు ఎంత బాగుంటుందో, పిల్లలు కళ్లు విప్పుకుని చూడాలంటే ఆ మూడు గంటలు కావాలి. పెద్దమ్మాయికి నిద్ర రాకపోతే తనూ, మీలో ఒకరూ పార్కులోనే ఉండిపోండి.

అత్తయ్యగారిని పాపతో బెంచీ మీద కూర్చోబెట్టి మిగతావాళ్లందరూ రైడ్లు ఎక్కే పద్ధతి నాకు నచ్చదు. వాళ్లకీ పూర్తి టికెట్టే కదా, అంత దూరం నుంచి వచ్చింది కూడా పిల్లలతో గడపాలనే. డిస్నీల్యాండ్ రైల్‌రోడ్ పార్కు చుట్టూ తిరుగుతుంది. మార్క్ ట్వైన్ పెద్ద పడవ కూడా నెమ్మదిగా సాగుతుంది, ఈ రెండింట్లోనూ మోకాళ్లకి ఇబ్బంది ఉండదు. అయితే పొద్దున్నుంచి రాత్రి దాకా నడక మామూలుగా ఉండదు, మన పెద్దవాళ్లు పర్లేదు పర్లేదు అంటూనే నడిచేస్తారు. గేటు దగ్గర వీల్‌చైర్లు అద్దెకిస్తారు. వద్దంటారేమో, అయినా ఒకటి తీసుకోండి. కాసేపటికి ఎవరో ఒకరు కూర్చుంటారు.

తిండి విషయంలో మీకు టెన్షన్ అక్కర్లేదు. బయటి తిండి లోపలికి తెచ్చుకోనిస్తారు. గాజు సీసాలు, పెద్ద కూలర్లు మాత్రం కుదరవు. పులిహోర పొద్దున్న కలిపి తెచ్చుకుంటే మధ్యాహ్నానికి ఏమీ కాదు. పూర్తి శాకాహారులైన పెద్దవాళ్లకి లోపల పిజ్జా, పాస్తా, ఫ్రైస్ దొరుకుతాయి గానీ పూటంతా వాటితో వాళ్లకి సరిపోదు. కౌంటర్లున్న తిండి షాపుల్లో అడిగితే మంచినీళ్లు ఊరికే ఇస్తారు. పాపకి తినిపించడానికి, డైపర్ మార్చడానికి మెయిన్ స్ట్రీట్ చివర్లో బేబీ కేర్ సెంటర్ ఉంది. పాలిచ్చే అమ్మలకి వేరే గది, ఎత్తు కుర్చీలు అన్నీ ఉంటాయి. బయటి గోల నుంచి కాసేపు తప్పించుకోవడానికి అంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు.

పిల్లలు ఎవరైనా తప్పిపోతే తీసుకొచ్చేదీ అక్కడికే. అందుకని మొదట్లోనే ఆ చోటు అందరికీ చూపించండి, ముఖ్యంగా అమెరికా ఫోన్ చేతిలో లేని పెద్దవాళ్లకి. చొక్కాకి పేరు బిళ్ల పెట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లమని బాబుకి చెప్పండి. వాడి చేతి మీద మీ ఫోన్ నంబర్ రాయండి. ఇద్దరు పట్టే స్ట్రోలర్ తీసుకెళ్లండి, నాలుగేళ్లవాడు నడుస్తానన్నా సరే. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదు, లాగే బండ్లకి అనుమతి లేదు. దాన్ని రైడ్ బయట వదిలి వెళ్లాలి, సిబ్బంది సర్దుతూ చోటు మారుస్తుంటారు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పాత చున్నీ ముక్క ఒకటి హ్యాండిల్‌కి కట్టుకోండి.

లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, అంటే కొన్ని రైడ్లకి పెద్ద క్యూ తప్పించే అదనపు టికెట్, కొనాలా అన్నారు. అందరికీ అవసరం లేదు. చిన్నవాళ్లు ఎక్కేవాటిలో చాలా వాటికి అది పనికిరాదు. పెద్దమ్మాయికీ, తనతో వెళ్లే ఒకరికీ మాత్రమే కొంటే డబ్బు సద్వినియోగం అవుతుంది.

ఇక రెండు పార్కుల సంగతి. ఒక్కరోజే అయితే డిస్నీల్యాండ్ పార్కు ఒక్కటే చూడండి, ఒకే రోజు అటూ ఇటూ తిరిగే హాపర్ టికెట్ వద్దు. ఈ వయసు పిల్లలతో గేట్లు మారడమే ఒక ప్రయాణం. రెండు రోజులుంటే రెండో రోజు ఎదురుగా ఉన్న కాలిఫోర్నియా అడ్వెంచర్ తప్పకుండా చూడండి, మీ బాబు కోసమైనా. అక్కడి కార్స్ ల్యాండ్‌లో మేటర్ ట్రాక్టర్లకీ, లూయిజీ కార్లకీ 32 అంగుళాలు చాలు. రేడియేటర్ స్ప్రింగ్స్ రేసర్స్‌కి 40. వాడు ఆ గీతకి అరంగుళం దూరంలోనే ఉండి, మీ తేదీలు ఇంకా ఖాయం కాకపోతే, అత్తయ్యగారి తిరుగు టికెట్ తేదీ చూసుకుని ప్రయాణం రెండు నెలలు వాయిదా వేయగలరేమో ఆలోచించండి. వాయిదా వేస్తే సెలవులు లేని వారంలో మంగళ, బుధ, గురువారాలు చూడండి. ఒక్కరోజు టికెట్ ధర రోజును బట్టి మారుతుంది, జనం తక్కువుండే రోజుల్లో ధరా తక్కువే.