ఆబట్స్ బ్రామ్లీ నృత్యంలో మోసే కొమ్ములు అక్కడి అడవి జింకలవేనా?

కావు, అవి రెయిన్‌డీర్ అనే చలి ప్రాంతాల జింకల కొమ్ములు.

ఆబట్స్ బ్రామ్లీ ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్‌లోని చిన్న ఊరు. ఒకప్పటి నీడ్‌వుడ్ అడవి దాని పక్కనే ఉండేది, అందులో జింకలూ ఉండేవి. కాబట్టి ఈ అనుమానం రావడం సహజమే. అయితే 1970ల్లో ఒక కొమ్ముకు కార్బన్ పరీక్ష చేస్తే అది 11వ శతాబ్దం నాటిదని తేలింది. ఇంగ్లండ్‌లో రెయిన్‌డీర్ అంతకు చాలా ముందే అంతరించాయి. అంటే వీటిని బయటి నుంచే తెచ్చి ఉండాలి, బహుశా స్కాండినేవియా నుంచి.

ఈ కొమ్ములు మోస్తూ ఆడే నృత్యం రోజంతా ఊరి చుట్టూ సాగుతుంది. ఏటా సెప్టెంబరులో ఒక సోమవారం పొద్దున్నే చర్చిలోంచి ఆరు జతల కొమ్ములు తీసుకుని బృందం బయల్దేరుతుంది. మధ్యాహ్నానికి బ్లిత్‌ఫీల్డ్ హాల్ అనే పాత జమీందారీ భవనం ముందు పచ్చికలో ఆడుతుంది. మిగతా పొద్దంతా పొలాల్లో, ఇళ్ల ముందు, పబ్బుల దగ్గర. బరువైన జత 11 కిలోల పైమాటే, నడక సుమారు 16 కిలోమీటర్లు!

కొమ్ములు వెయ్యేళ్ల నాటివి కాబట్టి నృత్యమూ అంత పాతదే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కొమ్ములతో ఆడినట్టు తొలి రాతపూర్వక వర్ణన ఇంగ్లిష్ ప్రకృతి పరిశోధకుడు రాబర్ట్ ప్లాట్ 1686లో రాసినదే.