మంచు మీద కారు జారి ముందు కారును గుద్దితే తప్పెవరిది?

అమెరికాలో స్పీడ్ లిమిట్ లోపే వెళ్తూ బ్లాక్ ఐస్ (రోడ్డు మీద కంటికి కనపడని పలుచని మంచు పొర) మీద జారి ముందు కారును గుద్దితే పోలీసులు టికెట్ (జరిమానా చీటీ) ఎందుకిచ్చారని మీ ప్రశ్న. బోర్డు మీద రాసే వేగం మామూలు రోడ్డుకు. రోడ్డు పరిస్థితికి తగ్గ వేగంలోనే వెళ్లాలన్న చట్టం చాలా రాష్ట్రాల్లో ఉంది. కాలిఫోర్నియాలో అది వెహికల్ కోడ్ 22350. బోర్డు గంటకు 65 మైళ్లు అన్నా, గడ్డకట్టిన రోడ్డు మీద 40 కూడా ఎక్కువే కావచ్చు.

వెనక నుంచి గుద్దినవాళ్లదే తప్పని సాధారణంగా మొదట అనుకుంటారు. ముందు కారు రాత్రిపూట లైట్లు లేకుండా ఆగి ఉంటే వాళ్లకూ వాటా పడొచ్చు. టికెట్‌తోనే నష్టపరిహారం సంగతి తేలిపోదు, ఇన్సూరెన్స్ కంపెనీ విడిగా చూస్తుంది. కానీ దయచేసి టెన్షన్‌లో జరిమానా కట్టేయకండి: చాలాచోట్ల కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. గడువు దాటకముందే లాయర్‌ను అడగండి.