ఎర దాకా వచ్చి తిరిగిపోయే చేప

ప్రశ్న: గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం చేసి గాలం వేస్తున్నాను. సోనార్ తెర మీద పెర్చ్ చేపలు ఎర దాకా వస్తున్నట్టు కనిపిస్తాయి, కానీ నోట పట్టకుండానే వెళ్లిపోతున్నాయి. లోపం ఎక్కడుంది?

జవాబు: చేపలున్న చోటు దొరికింది కాబట్టి సగం పని అయినట్టే. ముందు జిగ్‌ను (కొక్కెం బిగించిన చిన్న లోహపు ఎరను) కంటికి కనిపించేంత లోతులో వేలాడదీసి చూడండి. గిర్రున తిరుగుతోందా? చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. స్పిన్నింగ్ రీలులో (తిరగని చక్రం మీద దారాన్ని చుట్టే రీలులో) దారం మెలిపడి ఎరను తిప్పుతుంది. చల్లటి నీళ్లలో మందకొడిగా ఉండే చేప అలా తిరిగే తిండిని నమ్మదు. దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుని తిరగడం ఆపండి. దారం చక్రం మీంచి తిన్నగా దిగే ఇన్‌లైన్ రీలుకు మారితే ఈ బెడద చాలా తగ్గుతుంది. ముడి కూడా చూసుకోండి. అడ్డంగా ఉండాల్సిన జిగ్ ఒక పక్కకి వాలితే ముడిని సరిగ్గా మధ్యకు జరపండి. చేప పడిన ప్రతిసారీ అది జారుతుంది.

దారం 2 నుంచి 4 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ (నీళ్లలో అంతగా కనిపించని ప్లాస్టిక్ దారం) చాలు. జిగ్ టంగ్‌స్టన్‌దైతే మేలు: అంతే బరువున్న సీసం కంటే చిన్నది, త్వరగా దిగుతుంది. కొక్కేనికి ఒకటో రెండో ఈగ లార్వాలు గుచ్చండి. రసం కారి తొక్క మిగిలితే మార్చేయండి.

ఎర ఎప్పుడూ చేపకు కాస్త పైనే ఉండాలి. చేప దగ్గరికొచ్చాక ఎరను కిందికి దించకండి, సన్నగా వణికిస్తూ అంగుళం అంగుళం పైకి లేపండి. వెంట వచ్చిందంటే పట్టుకునే అవకాశం ఎక్కువ. పావుగంట దాకా స్పందన లేకపోతే మరో రంధ్రానికి వెళ్లండి.

అన్నట్టు, నడిచే చోట తేటమంచు కనీసం 4 అంగుళాలు ఉండాలి, తెల్లమంచైతే దానికి రెట్టింపు.