క్రూయిజర్ బండి మీద కాళ్లెక్కడ పెట్టాలి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నువ్వు కొంటున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 మంచి బండే, రంగు కూడా బాగుంది. దానికి నువ్వు బిగిద్దామనుకుంటున్న ఫార్వర్డ్ కిట్, అంటే ఫుట్‌రెస్టులూ పెడళ్లూ ఇంకా ముందుకు జరిపే సామాను గురించే నాకు టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో తేలే విషయం కాదని రాస్తున్నాను. కిట్‌కి డబ్బు కట్టే ముందు ఇది పూర్తిగా చదువు.

క్రూయిజర్ మీద, అంటే తక్కువ ఎత్తు సీటు మీద కాళ్లు ముందుకు పెట్టి నడిపే ఇలాంటి బండి మీద, సుఖమంతా సీటులోనే ఉందనుకుంటారు చాలామంది. నన్నడిగితే ముందు ఫుట్‌రెస్ట్ ఎక్కడుందో చూడాలి. పాదాలు తుంటికి మరీ దూరం కాకుండా ఉంటే ఒంటి బరువులో కొంత కాళ్లు మోస్తాయి. గుంత కనపడగానే పాదాల మీద బరువేసి సీటు మీంచి కాస్త లేవొచ్చు. పాదాలు బాగా ముందుకు పోయాయనుకో, వాలుకుర్చీలో కాళ్లు చాపుకున్నట్టు మొదటి పావుగంట బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ తరువాత బరువంతా నడ్డి మీద పడుతుంది. నడుము గుండ్రంగా వంగిపోతుంది. గుంత వచ్చినా లేవలేవు, షాకప్‌లు ఆపలేని దెబ్బంతా నేరుగా వెన్నుకే తగులుతుంది. వేగం పెరిగితే ఎదురుగాలి ఛాతీని వెనక్కి తోస్తుంది, అప్పుడు హ్యాండిల్ పట్టుకుని వేలాడాలి. భుజాల నొప్పి అక్కడే మొదలవుతుంది.

నువ్వు రోజూ తిరిగేది శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం ఫ్యాక్టరీకి. హైవే నున్నగానే ఉంటుంది కాబట్టి చాపిన కాళ్లతో నడిచిపోతుందనిపిస్తుంది. కానీ హైవే దిగాక ఊళ్లోని స్పీడ్ బ్రేకర్లు, గుంతలు తప్పవు కదా. సెలవు దొరికితే సాలూరు మీదుగా ఒడిశా వైపు సుంకి ఘాట్ ఎక్కుతానంటున్నావు కూడా. మీటియర్‌కి కంపెనీవాళ్లే ఫుట్‌రెస్టులు కొంచెం ముందుకు పెట్టారు. మన రోడ్లకి అదే హద్దు. ఇంకా ముందుకు జరపొద్దు.

ఎత్తు విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. సీటు 765 మిల్లీమీటర్లే, రెండు కాళ్లూ నేల మీద ఆనుతున్నాయి, కాబట్టి బండి నాకు సరిపోయిందనుకుంటారు. నేల అందడం వేరు, పెడల్ అందడం వేరు. నీలా ఐదడుగుల నాలుగంగుళాలున్న మనిషికి సీటు ఎంత తక్కువైనా, ఫార్వర్డ్ కిట్ బిగించాక బ్రేకు పూర్తిగా నొక్కాలంటే మోకాలు నిటారుగా సాగిపోవచ్చు. పూర్తిగా చాచిన కాలితో బ్రేకు ఎంత నొక్కాలో అంత నొక్కలేం. బ్రేకు అడుగుదాకా నొక్కినప్పుడు కూడా మోకాలిలో వంపు మిగలాలి. నువ్వు చూడాల్సిన కొలత అది.

షోరూంలో సెంటర్ స్టాండ్ మీద కూర్చుని ఫొటో దిగి రావద్దు. టెస్ట్ రైడ్ అడుగు, కనీసం అరగంట తిప్పు. ఏడు రోడ్ల జంక్షన్ రద్దీలో ఆగుతూ కదులుతూ పో. స్పీడ్ బ్రేకర్ మీద పాదాల మీద బరువేసి లేవగలుగుతున్నావో లేదో చూడు. ఒక యూటర్న్ తీసుకో. ఆగినప్పుడు పాదం నేలకి ఆనిస్తే ఫుట్‌రెస్ట్ పిక్కకో ముంగాలికో గుచ్చుతోందా? బండి మీదే కూర్చుని కాళ్లతో వెనక్కి నెట్టి చూడు, అది అప్పుడు బాగా తెలుస్తుంది. 191 కిలోల బండిని పార్కింగ్‌లో రోజూ అలా నెట్టుకోవాల్సింది నువ్వే.

ఆ రోజు చెప్పులతో వెళ్లకు. ఫ్యాక్టరీకి వేసుకెళ్లే సేఫ్టీ షూసే వేసుకో. వాటి ముందు భాగంలో ఇనప టోపీ ఉంటుంది కాబట్టి మామూలు బూటు కంటే లావు. గేర్ లివర్ కింద దూరకపోతే ప్రతి గేరుకీ కాలు మొత్తం ఎత్తాలి. మీటియర్‌కి మడమతో కూడా గేరు వేసే లివర్ ఉంది, నీ బూటుకి అది వరం. పై గేర్లన్నీ మడమతో నొక్కేయొచ్చు, బూటు పైభాగం అరగదు. ఆ లివర్‌తో ఒక్క ఇబ్బందేమిటంటే, వెనక భాగం అడ్డొచ్చి పాదాన్ని అటూ ఇటూ జరుపుకోనివ్వదు. దూర ప్రయాణంలో కొందరికి అది విసుగు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కాలికి హాయిగా లేదనగానే కొత్త సామాను కొంటారు. ఉన్న లివర్ ఎత్తు సరిచేసుకుంటే సగం బాధలు డబ్బు ఖర్చు లేకుండా పోతాయి. గేర్ లివర్‌ని షాఫ్ట్ మీద సన్నటి పళ్లు పట్టుకుని ఉంటాయి, ఒక బోల్టు బిగించి ఉంచుతుంది. ముందు లివర్ ఎక్కడుందో షాఫ్ట్ మీద మార్కర్‌తో గీత పెట్టుకో. బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా తీస్తేనే లివర్ బయటికొస్తుంది. ఒక్క పన్ను జరిపి మళ్లీ తొడుగు. అంతకు మించి ఒకేసారి జరపకు. మడమ లివర్ ఒకటే ముక్క కాబట్టి ముందు ఎత్తితే వెనక దిగుతుంది, రెండూ చూసుకోవాలి. కొన్ని బండ్లకి మధ్యలో ఒక రాడ్, దాని రెండు చివర్లా రాడ్ కదలకుండా పట్టే చెక్‌నట్లు ఉంటాయి. ఆ చెక్‌నట్లు రెండూ వదులు చేసి రాడ్ తిప్పితే ఇంకా సన్నగా సరిచేసుకోవచ్చు. ఒక చివర మరలు సాధారణంగా ఎడమవైపు తిరిగేవి, అది ఎరగక బలం పెట్టి పాడుచేస్తారు. అయ్యాక సెంటర్ స్టాండ్ మీద చక్రం తిప్పుతూ అన్ని గేర్లూ పడుతున్నాయో లేదో చూశాకే రోడ్డెక్కు.

బ్రేక్ పెడల్ దగ్గర ఇంకా జాగ్రత్త. పాదం ఫుట్‌రెస్ట్ మీద మామూలుగా ఆన్చినప్పుడు, పాదం ముందు భాగం పెడల్‌కి కొంచెం పైన ఉండాలి, తగలకూడదు. చీలమండ వంచితే చాలు బ్రేకు పడాలి. పెడల్ ఎత్తుగా ఉంటే తెలియకుండానే పాదం దాని మీద ఆనుతుంది, ప్యాడ్లు రాసుకుని వేడెక్కుతాయి. బ్రేకు లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే, నువ్వు నిజంగా ఆగినప్పుడు వెనక లారీవాడికి ఎలా తెలుస్తుంది? పెడల్ ఎత్తు మార్చితే దాని ఆట (బ్రేకు పట్టేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం), లైటు స్విచ్ రెండూ మళ్లీ సరిచూడాలి. డిస్క్ బ్రేకుకి ఆట బొత్తిగా లేకపోతే ఆయిల్ వేడెక్కి చక్రం పట్టేసే ప్రమాదం ఉంది. ఈ పని మాత్రం మెకానిక్‌తో చేయించు.

మీ నాన్న పాత బుల్లెట్ కూడా అప్పుడప్పుడు తీస్తావు కదా. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. రెండు బండ్లూ మార్చి మార్చి నడిపేవాడి కాలు, కంగారులో అలవాటైన వైపే పోతుంది. బుల్లెట్ తీసిన రోజు ముందు వీధిలో నాలుగుసార్లు ఆపి చూసుకుని అప్పుడు బయటికి రా.

ఫుట్‌రెస్ట్ ఎలాంటిదంటావా, రబ్బరుదే. ఇంజిన్ అదురు పాదానికి తక్కువ తగులుతుంది, అరికాలు తిమ్మిరెక్కదు. పళ్లున్న ఇనప రకం బురదలో పట్టు ఇస్తుంది గానీ బూటు అడుగు తినేస్తుంది. వెడల్పు ఫుట్‌బోర్డు మీద పాదం జరుపుకోవచ్చు, దూరాలకి బాగుంటుంది. కాకపోతే ఘాట్ మలుపుల్లో బండి వంచితే ముందు నేలకి రాసుకునేది అదే. ఏ రకమైనా నేల తగిలితే పైకి మడుచుకోవాలి. మడవని గట్టి ఫుట్‌రెస్ట్ నేలకి ఆనిందంటే చక్రం మీద బరువు తగ్గి బండి జారిపోతుంది. ఫుట్‌రెస్ట్ చివర కిందికి పొడుచుకొచ్చిన చిన్న బోల్టు ఉంటే, అందం చెడిందని దాన్ని పీకకు. ఇక వంచొద్దని ముందుగా హెచ్చరించేది అదే.

లెగ్ గార్డ్‌కి బిగించే హైవే ఫుట్‌రెస్టులు మరీ వద్దనను. కాలు కాసేపు చాపితే మోకాలికి సుఖమే. కానీ అక్కడ పాదం పెట్టినప్పుడు నీకు వెనక బ్రేకు లేనట్టే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కాలు వెనక్కి తెచ్చేలోపు ఎంత దూరం పోతావో లెక్కేసుకో. మన హైవే పక్కన మొక్కజొన్న ఆరబోస్తారు, పశువులు డివైడర్ దాటుతాయి, రాంగ్ రూటులో ట్రాక్టరొస్తుంది. నరసన్నపేట, టెక్కలి లాంటి ఊళ్లు దగ్గరపడగానే కాళ్లు వెనక్కి వచ్చేయాలి. చీకటి పడ్డాక వాటి జోలికే పోవద్దు.

వెల్డింగ్ షాపులో చవగ్గా చేసిస్తామన్న ఫార్వర్డ్ సెట్ అసలొద్దు. ఫుట్‌రెస్ట్ మీద మనిషి బరువంతా పడుతుంది, గుంతలో అది ఇంకా పెరుగుతుంది. వెల్డింగ్ అతుకు పక్కనే ఇనుము బలహీనపడి పగులుతుంది, పగిలేదాకా కనపడదు. ఫుట్‌రెస్ట్ ఒక్కటే ముందుకు జరిపి పెడల్‌ని పాతచోటే వదిలేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి బండి మీద బ్రేకెయ్యాలంటే కాలు వెనక్కి మడవాలి. కంపెనీ బండికి మార్పులు చేయడం గురించి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. రేపు ఇన్సూరెన్స్‌వాడు కొర్రీ పెట్టడానికి మనమే సందివ్వడం దేనికి? కావాలంటే కంపెనీ అమ్మే యాక్సెసరీలే తీసుకో.

వెనక కూర్చునే నీ భార్య, మా కోడలి సంగతి నువ్వు అడగనే లేదు. చీరతో ఒకవైపుకి కూర్చుంటే ఆమె రెండు పాదాలకీ చోటుండాలి, అందుకు మామూలు వెనక ఫుట్‌రెస్ట్ చాలదు. లేడీస్ ఫుట్‌రెస్ట్, చీర చక్రంలో పడకుండా గార్డ్ బిగించమను. వెనక కూర్చునేవాళ్లకి పట్టుకునే పిడి, ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డ్ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. డెలివరీ తీసుకునే ముందు ఆమెని షోరూంకి తీసుకెళ్లి కూర్చోబెట్టు. మోకాళ్లు పైకి లేచిపోతున్నా, మడమ సైలెన్సర్‌కి తగులుతున్నా అక్కడే చెప్పి సరిచేయించు.

కిట్ ఆర్డర్ ఇప్పుడు పెట్టకు. బండి వచ్చాక నెల రోజులు ఉన్నది ఉన్నట్టు నడుపు, ఎక్కడ నొప్పి పుడుతోందో గుర్తుపెట్టుకో. అప్పుడు ఒక ఆదివారం ఇటు రా. పానాలు నా దగ్గరున్నాయి, గేర్ లివర్ ఎత్తు ఇద్దరం కలిసి చూద్దాం. బూట్లు మాత్రం ఫ్యాక్టరీవే వేసుకుని రా.

ఇట్లు,
మీ మావయ్య