సందేహం: పాములు రాకుండా ఇంటి చుట్టూ గుళికలు చల్లొచ్చా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది దివిసీమ. ఇల్లు వరిచేను గట్టుకి ఆనుకునే ఉంటది. నాట్లు అయ్యాక ఇంట్లోకి రెండుసార్లు పాము వచ్చింది. ఒకటి జెర్రిపోతు, కొట్టేశాం. రెండోది నల్లగా సన్నటి తెల్ల చారలతో రాత్రిపూట బియ్యం డ్రమ్ము వెనక కనపడి ఎటో పోయింది. ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు చల్లమని ఒకళ్లు, కార్బాలిక్ యాసిడ్ అని ఇంకొకళ్లు అంటున్నారు. చిన్నపిల్లలున్నారు, ఏది వాడమంటారు?

జవాబు: నమస్తే అండీ. రెండూ వద్దు. ఫోరేట్‌ని మన దేశంలో 2020 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధించారు, ఎవరి దగ్గరైనా పాత డబ్బా మిగిలున్నా ముట్టుకోవద్దు, అది చర్మం మీంచి కూడా ఒంట్లోకి పోయే విషం, కోళ్లు గింజలనుకుని ఏరుకు తింటే అక్కడికక్కడే పడిపోతాయి, పిల్లలు ఆ మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకుంటే ఇంకేమన్నా ఉందా. ఇప్పటికే చల్లుంటే పిల్లల్నీ కోళ్లనీ అటు పోనీకుండా చూసి మీ వ్యవసాయాధికారికి చెప్పండి. కార్బాలిక్ యాసిడ్ చర్మాన్ని కాల్చేస్తది, పైగా వాన పడితే వాసన కూడా మిగలదు. వెల్లుల్లి, ఉప్పు, కలరా ఉండలు కూడా నమ్ముకోదగ్గవి కాదు.

పాము మీ ఇంటికి వచ్చేది ఎలుక కోసం, దాక్కునే చోటు కోసం. చేలో నీళ్లు నిలిస్తే ఎలుకలు గట్లెక్కి, ఇళ్లలోకి చేరతాయి, వాటి వెనకే పాము. మీరు కొట్టిన జెర్రిపోతుకి విషం లేదండీ, అది ఎలుకల్ని తినేదే, దాన్ని చంపి ఎలుకల్ని పెంచుకున్నట్టయింది, ఇంకోసారి కనిపిస్తే పోనివ్వండి.

ఎలుకలకి బ్రోమోడయోలోన్ ఎర పెట్టండి: నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం మందు 2 పాళ్లు కలిపి, కాగితంలో 10-15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి, గట్ల మీద ఎలుకలు తిరిగే బొరియల్లోకి పెట్టి మూసేయాలి. ఇంటి దగ్గర మాత్రం మందు వద్దు, బుట్టలు, బోన్లు చాలు. గడ్డివాము, పిడకలు, కట్టెలు, ఇటుకల కుప్పలు గోడకి ఆనించి ఉంటే దూరంగా జరపండి, కోళ్లగూడు నేలకి రెండు మూడడుగుల ఎత్తులో ఉండాలి. తలుపు కింద సందులు మూసేసి, బాత్రూం తూముకి సన్నకన్ను ఇనుప మెష్ బిగించండి. కొందరు ఇంటి చుట్టూ చేపల వల కడతారు, పాము అందులో ఇరుక్కుంటది కానీ బతికున్న పాముని విడదీయబోయి కాటు పడే ప్రమాదం ఉంది, నేనైతే కట్టమనను.

మీరు చెప్పిన నల్ల పాము గురించే నాకు భయం. అదే పోలికలో విషం లేని పాము కూడా ఉంటది కానీ చీకట్లో చూసి తేల్చలేం, కట్లపామే అనుకుని జాగ్రత్త పడండి. కట్లపాము రాత్రి తిరుగుతది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువ కరుస్తది, నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు, తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి, గ్యాస్ అనుకుని టైం పోగొట్టుకుంటారు. అందుకే ఈ రాత్రి నుంచే పిల్లల్ని మంచం మీద, దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపి పడుకోబెట్టండి. ఇంత చవకగా ప్రాణాలు కాపాడేది ఇంకొకటి లేదు. రాత్రి బయటికెళ్తే టార్చి, కాళ్లకి చెప్పులో బూట్లో తప్పనిసరి.

కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టడం, మంత్రం ఇవేవీ వద్దు. మనిషిని కదలనీకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి యాంటీవెనం (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాముని పట్టుకెళ్లాల్సిన పన్లేదు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే యాంటీవెనం.

రేపు పగటిపూట ఆ డ్రమ్ము వెనక సామాను పొడుగు కర్రతో జరిపి చూడండి, చెయ్యి పెట్టొద్దు, పాము కనపడితే మీరే పట్టబోకుండా అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయండి.