బీకాం తర్వాత ఫోరెన్సిక్ అకౌంటింగ్ పీజీలో కొత్తగా ఏం నేర్పిస్తారు?

బీకాం అయ్యాక ఫోరెన్సిక్ అకౌంటింగ్, అంటే లెక్కల్లో మోసాల్ని పట్టుకునే పని, పీజీగా చేస్తే మామూలు ఆడిట్ కంటే ఎక్కువ ఏమొస్తుంది అని అడిగారు కదా, సత్యం కంప్యూటర్స్ కేసే తీసుకోండి. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన లెటర్ ప్రకారం బుక్స్‌లో చూపించిన క్యాష్, బ్యాంక్ బ్యాలెన్స్‌లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఇలాంటి చోట డబ్బు ఉందని చూపించే ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం బ్యాంకు నుంచి నేరుగా వచ్చిందా, కంపెనీవాళ్ల చేతుల మీదుగా వచ్చిందా అని తవ్వుకుంటూ పోవడం, మనుషుల్ని కూర్చోబెట్టి అడగడం, కోర్టులో నిలబడేలా రిపోర్ట్ రాయడం, ఇదే అసలు చదువు. నాకు బాగా నచ్చేది బెన్‌ఫర్డ్ లా, చాలా రకాల నిజమైన లెక్కల్లో 1తో మొదలయ్యే సంఖ్యలు దాదాపు 30 శాతం, 9తో మొదలయ్యేవి 5 శాతం లోపే ఉంటాయి, దొంగ బిల్లులు రాసేవాళ్లకి ఇది తట్టదు. అది సాక్ష్యం కాదు, ఎక్కడ వెతకాలో చెప్తుందంతే. ఆల్రెడీ సీఏ అయినవాళ్లకి మాత్రం సీఏల సంస్థ ఐసీఏఐ ఇచ్చే ఫోరెన్సిక్ సర్టిఫికెట్ కోర్సుతో మొదలుపెట్టమంటాను.