గుండె జబ్బుల్లో టీ-రెగ్ కణాలపై పరిశోధన: బీఎస్సీ తర్వాత దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. నాకు స్టెంట్ వేసినప్పటి నుంచి గుండె రక్తనాళాల జబ్బులో రెగ్యులేటరీ టీ-కణాల గురించి చదువుతోంది. దాని మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. భవిష్యత్తు ఉంటుందా? ఎలా సిద్ధం కావాలి? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: చదివించండి. మంచి ప్రశ్నే పట్టుకుంది. రక్తనాళంలో పూడిక అంటే కొవ్వు పేరుకోవడం ఒక్కటే కాదు, ఆ గోడలో ఏళ్ల తరబడి సాగే వాపు (ఇన్‌ఫ్లమేషన్) కూడా. ఆ వాపుకు కళ్లెం వేసే రోగనిరోధక కణాలే ఈ రెగ్యులేటరీ టీ-కణాలు, క్లుప్తంగా టీ-రెగ్‌లు. వీటిని గుర్తించిన శాస్త్రవేత్త సకగుచికి, ఇవి తయారవడానికి కీలకమైన ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్న బ్రంకో, రామ్స్‌డెల్‌లకు కలిపి 2025లో వైద్య నోబెల్ వచ్చింది. ఈ కణాలు తగ్గితే పూడిక పెరుగుతుందని 2006లోనే ఎలుకల్లో తేలింది. క్యాన్సర్‌కు భారీ మోతాదులో ఇచ్చే ఐఎల్-2 మందును అతి తక్కువ మోతాదులో గుండె రోగులకు ఇచ్చి, టీ-రెగ్‌లు పెరగడాన్ని కేంబ్రిడ్జ్ బృందం చూపింది. అయితే రోగుల్లో ఈ కణాలు తగ్గడం జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది ఇంకా తేలలేదు. పీహెచ్‌డీకి చోటున్నది అక్కడే.

కానీ ఇప్పుడే అంశాన్ని బిగించుకోవద్దని చెప్పండి. గుండె, ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) రెండూ కలిసే ల్యాబులు మన దేశంలో తక్కువ. ముందు చేతికి రావాల్సింది ఫ్లో సైటోమెట్రీ, అంటే కణాలకు రంగు పట్టించి లేజర్‌తో ఒక్కొక్కటిగా లెక్కించే పద్ధతి. రక్తంలోని సీడీ4 రకం టీ-కణాల్లో టీ-రెగ్‌లు సుమారు 5 నుంచి 10 శాతమే కాబట్టి లెక్కింపులో చిన్న పొరపాటు ఫలితాన్నే తారుమారు చేస్తుంది. కొత్తవాళ్లు కణం పైన ఉండే సీడీ25 అనే ప్రొటీన్ ఒక్కటే చూసి లెక్కేస్తారు. ఉత్తేజితమైన మామూలు టీ-కణం మీద కూడా అది ఉంటుంది. అందుకే సీడీ127 అనే మరో ప్రొటీన్ తక్కువగా ఉందా అన్నదీ చూడాలి. ఫాక్స్‌పీ3 ప్రొటీన్ కణ కేంద్రకంలో ఉంటుంది, కణాన్ని స్థిరపరచి పొరకు రంధ్రాలు చేయకపోతే రంగు లోపలికి వెళ్లదు. ఇక రోగుల్లో కొందరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతుంటారు, కొందరికి షుగర్ ఉంటుంది. వీళ్లందరినీ ఒకే గుంపులో కలిపేస్తే వచ్చిన తేడా జబ్బుదో మందుదో తెలియదు. కాబట్టి స్టాటిస్టిక్స్‌ను, దానికి వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్‌ను ఈ ఏడాదే మొదలుపెట్టడం మంచిది.

ఎమ్మెస్సీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకు సీయూఈటీ పీజీ, కేంద్ర సాయంతో నడిచే బయోటెక్నాలజీ సీట్లకు గ్యాట్-బి, ఐఐటీలకు జామ్ ప్రవేశ పరీక్షలు రాయాలి. మన రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ ఉంది. కాలేజీ పేరు కంటే ముందు ఒకటి కనుక్కోండి: చివరి సెమిస్టర్‌లో నిజంగా ల్యాబులో ప్రాజెక్టు చేయిస్తారా? రికార్డు రాయించి మార్కులేసే చోట రెండేళ్లు పోతే తర్వాత పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నిలబడటం కష్టం.

తర్వాత పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్. మొత్తం 200 మార్కుల్లో సగం పార్ట్ సీవే. అందులో ప్రయోగ ఫలితాలిచ్చి అర్థం అడుగుతారు, బట్టీ పనికిరాదు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి. గుండె ఆస్పత్రి, పరిశోధన ఒకే సంస్థలో కావాలంటే తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ చూడండి. రోగుల నమూనాలు దొరకక ఆగిపోయే పని అక్కడ సాగుతుంది.

ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఇంట్లో పెళ్లి మాట, డబ్బు మాట ఇప్పుడే దాపరికం లేకుండా మాట్లాడుకోండి. మధ్యలో ఎమ్మెస్సీతో ఆగినా ఫ్లో సైటోమెట్రీ వచ్చినవాళ్లకు రక్త క్యాన్సర్ పరీక్షలు చేసే ల్యాబుల్లోనూ, హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ బయోటెక్ కంపెనీల్లోనూ పని ఉంటుంది. ఈ వేసవిలోనే ఇమ్యునాలజీ ల్యాబులున్న అధ్యాపకులకు మెయిల్ రాయమనండి: వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో తనకు అర్థంకాని ఒక్క పటం (ఫిగర్) గురించి అడుగుతూ, రెండు నెలల ఇంటర్న్‌షిప్ కోరుతూ.